సుక్క కోసం కట్టిన చీర

చార్మినార్ అవతలి ఛత్రినాకలో మొగులయ్య ఇల్లెక్కడ అని అడిగితే నలుగురు నాలుగు దిక్కులు చూపేవాళ్లు. అదే 'చీర మొగులయ్య' అంటే చిన్న పిల్లలు కూడా చెయ్యి పట్టుకుని తీసుకుపోయేవాళ్లు. మనిషి ఆరడుగులు. మీసాలు చెవులదాకా. కర్ర పట్టుకుని వీధిలోకి వస్తే కుక్కలు పక్కకు తప్పుకునేవి. అలాంటివాడు రోజూ తెల్లవారగానే వంగపండు రంగు నారాయణపేట చీర పంచె మీదనే చుట్టుకుని, కొంగు తలమీదుగా లాక్కునేవాడు. ఆడవాళ్ల గాజులు ఆ చేతికి ఎక్కవు కనుక రెండింటిని దారంతో మణికట్టుకు కట్టుకుని, ఇత్తడి చెంబు తీసుకుని కొట్టంలోకి పోయేవాడు. పాలు పితకడం అయ్యాక చీర విప్పి, మడిచి, దండెం మీద వేసి, మళ్లీ మీసాలు సర్దుకునేవాడు.

పక్కింటి రామ్‌చందర్‌ది కూడా పాల వ్యాపారమే. గోడ మీదుగా తొంగి చూసి నోటికొచ్చింది అనకపోతే అతనికి పొద్దు గడవదు.

"ఏంది మొగులన్నా, ఇయ్యాల ఎవరింట్ల పేరంటం?"

"చీర నాకెందుకు భాయ్? సుక్కకు."

ఈ మాట మొగులయ్య మూడేళ్లుగా చెబుతూనే ఉన్నాడు. అది అబద్ధం కాదు. అప్పటికి కాదు.

సుక్క ఆయన బర్రె. నుదుటి మీద రూపాయి బిళ్లంత తెల్ల మచ్చ ఉండబట్టి ఆ పేరు. దాని తల్లి ఈనిన వారానికే చచ్చిపోతే, మొగులయ్య భార్య చంద్రమ్మ ఆ పెయ్యకు గుడ్డ పీలికతో పాలు పట్టి పెంచింది. చంద్రమ్మకు ముగ్గురు పుట్టి ముగ్గురూ పోయారు. ఇక ఆ ముద్దు ఎక్కడికి పోతుంది? సుక్కకు దిష్టి తీసేది, సుక్కతో అలిగేది, మొగుడి మీద చాడీలు కూడా దానికే చెప్పేది. మొదటి ఈతనుంచీ పాలు ఆమే పితికింది. మొగులయ్య దగ్గరికి వస్తే సుక్క కాలు విసిరేది. అది చూసి చంద్రమ్మ మహా గర్వపడేది.

రెండో జర్మనీ యుద్ధం మొదలవడానికి మూడేళ్ల ముందు, వానాకాలంలో, ఆమెకు విషజ్వరం వచ్చింది. పదకొండు రోజులు మంచంలో ఉంది. చివరికి మొగుడి చెయ్యి పట్టుకుని ఒకటే అడిగింది.

"సుక్కను ఎవ్వరికి ఇయ్యకు. నీ దగ్గర్నే ఉండాలె."

"ఇయ్య. నీ మీద ఒట్టు," అన్నాడు మొగులయ్య. ఆ ఒట్టుకు ఆమె బతికి లేచి కూర్చుంటుందన్నట్టు గట్టిగా అన్నాడు. మర్నాటికి ఆమె పోయింది.

తర్వాత రెండు రోజులు సుక్క చేపలేదు. బర్రె మనసుపెట్టి పాలు పొదుగులోకి దింపితేనే చేపడం, అది చేపకపోతే ఎంతటి మొనగాడు పిండినా చుక్క రాదు. వాడలో ముగ్గురు ఆడవాళ్లు ప్రయత్నించారు. ముగ్గురి చెంబులూ తన్నేసింది. పొదుగు రాయిలా గట్టిపడింది. మూడోనాడు, వాడలో అందరికంటే పెద్దదైన నాగమణమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి చూసింది.

"అది చంద్రమ్మను దేవులాడుతున్నది కొడుకా. దాని చీర కట్టుకోని పో. గాజులు గూడ చప్పుడు గావాలె. మా అత్త పోయినప్పుడు మా మామ గిట్లనే చేసిండు."

మొగులయ్య సిగ్గుపడుతూనే కట్టుకున్నాడు. సుక్క ఆ కొంగును చాలాసేపు వాసన చూసింది. పెద్ద ఊపిరి విడిచింది. చేపింది. ఆయన దాని డొక్కకు నుదురు ఆనించి పిండుతూ ఏడ్చాడు. దినాల్లో నలుగురి ముందు రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

ఆ చీరను ఆయన ఎన్నడూ ఉతకలేదు. ఉతికితే చంద్రమ్మ వాసన పోతుందని భయం. మూడేళ్ల పేడా పాలూ చెమటా పట్టిన చీరలో ఇంకా ఎవరి వాసన మిగిలి ఉందో దేవుడికే తెలియాలి. సుక్క మళ్లీ రెండుసార్లు ఈనింది. ఆయన మాత్రం ఒక్క పూట కూడా చీర లేకుండా దాని దగ్గర కూర్చోలేదు.

సుక్క పాలు శాలిబండ దగ్గరి ఒక నవాబుల దేవిడీకి పోయేవి. ఆ ఇంటి పెద్ద బేగంకు కడుపులో ఏదో రోగం. హకీం సాహెబ్ నాడి చూసి, ఒకే బర్రె పాలు, ఒకే చేతితో పితికినవి, తెల్లవారి మొదటి గుక్కగా తాగాలని చెప్పాడట. హకీంలు అలాంటివి భలే చెబుతారు. చంద్రమ్మ ఉన్నన్నాళ్లూ ఆడవాళ్లుండే జనానాలోకి పోయి ఇచ్చి వచ్చేది. తర్వాత మొగులయ్య పరదా ఇవతల నిలబడేవాడు. పరదా అవతలినుంచి ముసలి గొంతు "సుక్క ఎలా ఉంది?" అని అడిగేది. "దువా సర్కార్," అనేవాడు. మొగులయ్య ఎలా ఉన్నాడని ఆ గొంతు ఎన్నడూ అడగలేదు.

యుద్ధం మొదలైన ఏడాది దసరా ముందర దేవిడీనుంచి పిలుపు వచ్చింది. బేగం కొడుకు నవాబ్ సాహెబ్‌కు కొన్నాళ్లుగా శికారు పిచ్చి పోయి ఫోటోల పిచ్చి పట్టింది. ఉత్తరాన, మంచుకొండల అడుగున, సర్కారువాళ్లు మూడేళ్ల కిందట ఒక పెద్ద అడవిని నేషనల్ పార్క్ చేశారు. అక్కడ పులులూ ఏనుగులూ ఉన్నాయి కానీ తుపాకీ పేల్చకూడదు, చూడటమే. నవాబ్ సాహెబ్ బయలుదేరుతున్నాడు. కొండగాలి కావాలని బేగం కూడా బయలుదేరింది. బేగం వస్తే సుక్క రావాలి. సుక్క వస్తే మొగులయ్య, మొగులయ్య వస్తే చీర.

వాడంతా ఆశ్చర్యపోయింది.

"పార్కంటే బాగేఆమ్ అసొంటిదే గద? గంత దూరం ఎందుకు?" అన్నాడు రామ్‌చందర్.

"పులులుంటయట."

"కొట్టరా?"

"కొట్టరట. సూసి ఊకుంటరట."

"నవాబులకు ఏం తక్కువైంది అన్నా," అని రామ్‌చందర్ ముక్కు మీద వేలేసుకున్నాడు. అయినా మొగులయ్య బయలుదేరే రోజు నాంపల్లి స్టేషన్‌దాకా గడ్డిమోపు మోసుకొచ్చింది అతనే.

నాలుగు రోజులు, మూడు రైళ్లు. సుక్క పశువుల డబ్బాలో, సుక్క పక్కన గడ్డిలో మొగులయ్య. తలుపు సందులోంచి దేశం వెనక్కి పోతూ ఉంది. మొదటిరోజు స్టేషన్లలో తెలుగు వినబడింది. రెండోరోజుకు ఆగిపోయింది. మూడోరోజు గాలి మారింది, పొద్దున లేస్తే ముక్కు చల్లగా ఉంది. చివరి స్టేషన్లో దిగి, బేగంను మోటారులో, సామాన్లను ఏనుగుల మీద పంపించి, మొగులయ్య సుక్కను తోలుకుని రెండు రోజులు అడవి బాట నడిచాడు. తోడుగా ప్రహ్లాద్ సింగ్ అనే అడవి గార్డును ఇచ్చారు. మాటల్లో పొదుపు మనిషి.

ఫారెస్టు బంగళా ఒక ఏటి ఒడ్డున, పెద్ద గడ్డిమైదానం అంచున ఉంది. మైదానం అవతల అడవి, అడవి అవతల ఒకదాని వెనక ఒకటిగా కొండలు. బంగళా వెనక ముళ్లకంప కట్టిన కొట్టం సుక్కకూ మొగులయ్యకూ ఇచ్చారు. పులి రాకుండా ముందు నిప్పు వేసేవాళ్లు.

మొదటి పొద్దున ఆయన చీర కట్టుకుని బయటికి వచ్చేసరికి వంటవాడు, మావటీలు, మోటారు డ్రైవరు అందరూ వరసగా నిలబడి ఉన్నారు. ఒకడు ఈల వేశాడు. మొగులయ్య తన దక్కనీలో "మేరేకు నై, భైంస్‌కు," అన్నాడు. నాకు కాదు, బర్రెకు అని. వాళ్లు చీరకు ఒకసారి, ఆ భాషకు ఇంకోసారి నవ్వారు. ఛత్రినాకలోనూ నవ్వేవాళ్లు. కానీ ఆ నవ్వేవాళ్లంతా చంద్రమ్మ శవం వెంట నడిచినవాళ్లు. ఆ తేడా మొగులయ్యకు ఆ పొద్దునే తెలిసింది. గబగబా పాలు పితికి, చీర విప్పి, గడ్డి కింద దాచాడు.

పొద్దెక్కాక నవాబ్ సాహెబ్ ఏనుగెక్కి పోయేవాడు. సాయంత్రం వచ్చి, పులిని చూశామనో చూడలేదనో అందరికీ వర్ణించేవాడు. మొగులయ్య ఒక్క పులినీ చూడలేదు. పార్కుకు వెళ్లొచ్చానని తర్వాత చెప్పుకోవడమే కానీ, ఆయన చూసిందంతా కొట్టం, ఏరు, గడ్డి. చెట్లు రోజుకింత పసుపు తిరిగి ఆకులు రాల్చుకుంటున్నాయి. మనిషెత్తు గడ్డి ఎండి గాలికి చప్పుడు చేస్తోంది. ఆ మొత్తం అడవిలో తెలుగు తెలిసిన ప్రాణాలు రెండే, అందులో ఒకటి మాట్లాడదు. ఆయన రోజంతా దానితోనే మాట్లాడేవాడు. చలి సంగతి, వంటవాడి పొగరు, రొట్టెల గట్టిదనం, అన్నీ. సుక్క నెమరు వేస్తూ వినేది.

ఒక పొద్దున లేచి చూస్తే మైదానమంతా ఎవరో సున్నం చల్లినట్టు తెల్లగా ఉంది. మొగులయ్య వంగి గడ్డిపోచ తుంచి నోట్లో పెట్టుకున్నాడు. పళ్లు జిల్లుమన్నాయి. ప్రహ్లాద్ సింగ్ మొదటిసారి నవ్వి, "మంచు. ఇంకా చూస్తావా?" అని బంగళా వెనక గుట్ట ఎక్కించాడు. గుట్ట మీదినుంచి ఉత్తరంగా, అన్ని కొండలకూ పైన, ఆకాశంలో తెల్లటి గీత కనిపించింది. మబ్బు అనుకున్నాడు. అది మబ్బు కాదు, కదలడం లేదు. మొగులయ్య తలపాగా తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. 'చంద్రమ్మకు చెప్పాలె' అని మనసులో అనుకుంది మనిషి కాదు, పాతికేళ్ల అలవాటు. చార్మినార్ దగ్గర కొత్త మోటారు చూసినా, మూసీలో నీళ్లు పెరిగినా మొదట ఆ మాటే వచ్చేది. ఇప్పుడూ వచ్చింది. ఎవరికి చెప్పాలి? కిందికి దిగి సుక్కకు చెప్పాడు.

అలా రోజులు పోతుండగా దీపావళి వచ్చింది.

ఛత్రినాక గొల్లవాళ్లకు దీపావళి కంటే దాని మర్నాడే పెద్ద పండుగ. బర్రెలను కుంటలో దింపి, గోనెగుడ్డతో ఒళ్లంతా తోమి, కొమ్ములకు నూనె రాసి, నుదుట పసుపు కుంకుమ పెట్టి, మెడకు గవ్వల పట్టీ కట్టి వాడంతా తిప్పుతారు. చుట్టాల ఇళ్ల ముందు ఆపితే వాళ్లు బర్రెకు బెల్లం తినిపిస్తారు. సుక్కకు ఆ పట్టీ చంద్రమ్మ గవ్వ గవ్వా ఏరి అల్లింది. మొగులయ్య దాన్ని మూటలో పెట్టుకుని తెచ్చాడు. ఇంతమంది పరాయివాళ్ల మధ్య కనీసం ఈ ఒక్క పూట తన ఇంటి పద్ధతి జరగాలని ఆయన పట్టుదల.

దీపావళి మర్నాడు పొద్దున్నే సుక్కను ఏట్లోకి దింపుతుంటే ప్రహ్లాద్ సింగ్ కేకేశాడు.

"ఈ నెలలో ఇక్కడ ఎవరూ బర్రెను నీళ్లలో దింపరు. పైనుంచి గాలి కొడుతోంది."

మొగులయ్యకు నవ్వొచ్చింది. బర్రెకు నీళ్లు చేటా? పుట్టినప్పటినుంచీ బర్రెల వెనక తిరిగిన తనకు, బర్రె మొహం చూడని గార్డు చెప్పడమేమిటి? ఛత్రినాక కుంటలో నీళ్లు దీపావళికి కూడా గోరువెచ్చగా ఉంటాయని, ఈ నీళ్లు ఆ తెల్ల గీత కిందినుంచి వస్తున్నాయని ఆయనకు తోచలేదు. ముప్పావుగంట తోమాడు. తన కాళ్లు తిమ్మిరెక్కినా వదల్లేదు. కొమ్ములకు నూనె రాశాడు, బొట్టు పెట్టాడు, గవ్వల పట్టీ కట్టాడు. తిప్పడానికి వాడ లేదు కనుక బంగళా చుట్టూ మూడుసార్లు తిప్పాడు. బెల్లం తనే తినిపించాడు. సుక్క ఒళ్లు వణుకుతోంది. సంతోషం అనుకున్నాడు, పిచ్చివాడు.

మర్నాటికి సుక్క చెవులు వాలిపోయాయి. నెమరు ఆగింది. ముక్కు కారుతోంది, ఊపిరి తీస్తే లోపల గరగరమంటోంది. మొగులయ్య చీర కట్టుకుని కూర్చున్నాడు, పొదుగు వట్టి తోలుతిత్తిలా ఉంది. రెండోరోజుకు అది లేవలేదు. పశువుల డాక్టరు ఉన్న ఊరు రెండు రోజుల దూరం. మొగులయ్య తన కంబళి దానిమీద కప్పి, తన చేతులతో దాన్ని చంపుకుంటున్నానని తల బాదుకున్నాడు. 'నీ దగ్గర్నే ఉండాలె' అన్న చంద్రమ్మ మాట చెవిలో గింగురుమంది. దాన్ని ప్రాణంతో ఇంటికి చేర్చడం తప్ప ఆయనకు లోకంలో ఇంకో పని లేకుండా పోయింది.

బేగంకు వంటవాడు ఎక్కడినుంచో మేకపాలు తెచ్చి ఇచ్చాడు. ఆమె తాగి, రుచిగా ఉన్నాయంది. మర్నాడూ అవే అడిగింది. ఒకే బర్రె, ఒకే చెయ్యి అన్న ఆరేళ్ల వైద్యం అలా ఒక్క పూటలో తేలిపోయింది.

మూడోరోజు ప్రహ్లాద్ సింగ్ ఒక ముసలామెను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె పేరు జైనబ్. గుజ్జర్లనే బర్రెల కాపరి జాతి మనిషి. వాళ్లు ఎండాకాలమంతా పై కొండల్లో మేపి, చలి మొదలవగానే మందలతో కిందికి దిగి, పార్కు హద్దు అవతల గడ్డిగుడిసెలు వేసుకుంటారు. నల్ల అంగీ, చెవులనిండా వెండి, మొహమంతా ముడతలు. వచ్చీ రాగానే సుక్క చెవి పట్టుకుని చూసింది, నోరు తెరిచి చూసింది, కొమ్ముల మీది నూనె చూసింది. అంతా అర్థమైపోయింది.

"ఈ చలిలో దీనికి స్నానం చేయించిన పెద్దమనిషి ఎవరు?" అంది తన మోటు హిందీలో.

మొగులయ్య తల వంచుకున్నాడు. ఆమె తిట్టడం మొదలుపెట్టింది. ఆ తిట్లలో సగం ఆయనకు అర్థం కాలేదు కానీ, ఇల్లు వదిలిన తర్వాత తనను మనిషిగా చూసి ఒకరు తిట్టడం అదే మొదలు. ఆయనకు అది హాయిగా ఉంది.

బెల్లం, వాము, అల్లం వేడిగా కాచి పట్టించింది. ఆవనూనె రాసి, మేకబొచ్చు కంబళి కప్పింది. సాయంత్రానికి సుక్క లేచి నిలబడితే, మెల్లగా మైలుదూరం నడిపించుకుని తన గుడిసెకు తీసుకుపోయి ఇరవై బర్రెల మధ్యలో కట్టేసింది. వాటి ఒంటి వెచ్చదనమే మందు అంది. మొగులయ్య అక్కడే మూలన గడ్డి పరుచుకున్నాడు. ఆమె తన బర్రెలతో తన భాషలో మాట్లాడేది, ఈయన సుక్కతో తెలుగులో మాట్లాడేవాడు. ఒకరి మాట ఒకరికి తెలియదు కానీ ఏం మాట్లాడుతున్నారో ఇద్దరికీ తెలుసు.

తొమ్మిదో రోజుకు సుక్క గడ్డి ముట్టింది. పదకొండో రోజు నెమరు వేసింది. ఆ సాయంత్రమే బంగళానుంచి కబురు: ఎల్లుండి ప్రయాణం.

మొగులయ్య పరుగున పోయి నవాబ్ సాహెబ్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పది దినాలు ఆగుర్రి సర్కార్. సుక్క ఇంక గంత దూరం నడవలేదు."

"బంగళా గడువు అయిపోయింది మొగులయ్యా. అమ్మీకి కూడా చలి పడటం లేదు," అన్నాడు నవాబ్ సాహెబ్. చెడ్డవాడు కాదు, తొందరలో ఉన్నవాడు. "బర్రెను ఇక్కడే ఎవరికైనా ఇచ్చెయ్. ఊరికి పోగానే నీకు ఇంకొకటి ఇప్పిస్తాను."

"అట్లయితే నేను గూడ ఈడనే ఉంట సర్కార్. అది నా చేతికి తప్ప ఎవ్వరికి పాలియ్యది. పితకకుంటే పొదుగు గట్టిపడి సస్తది."

నవాబ్ సాహెబ్ ఆయన్ను ఎగాదిగా చూసి, "రేపు పొద్దున చెప్పు," అని లోపలికి పోయాడు.

గుడిసెకు తిరిగి వచ్చి జైనబ్‌కు సంగతి చెప్పాడు. ఆమె చెయ్యి అడ్డంగా ఊపింది. ఈ చలిలో రైలు డబ్బా ఎక్కిస్తే మూడోరోజుకు చస్తుంది. ఇక్కడుంటే బతుకుతుంది. ఎండలు వచ్చేసరికి తమ మందతో పైకొండ ఎక్కుతుంది. మొగులయ్య తల అడ్డంగా ఊపాడు. కాదు, కుదరదు. మూటలోంచి చీర తీసి చూపించి, వచ్చీ రాని మాటల్లో మొత్తం చెప్పాడు. చంద్రమ్మ సంగతి, ఒట్టు సంగతి, ఈ చీర లేనిదే సుక్క చేపదన్న సంగతి. జైనబ్ నవ్వలేదు.

"ఎన్నేళ్లయింది?" అని అడిగింది.

"మూడేళ్లు."

ఆమె నాలుకతో 'చ్చ్' మని చప్పుడు చేసి, హుక్కా అందుకుంది.

తెల్లవారేసరికి మొగులయ్య తీర్మానించుకున్నాడు. చలికాలమంతా ఇక్కడే ఉంటాడు. చంద్రమ్మకు ఇచ్చిన మాట కంటే నవాబు ఎక్కువా? సుక్క పొదుగు నిన్న సాయంత్రం నుంచి నిండుతోంది, ఇవాళ పాలు ఉంటాయి. ఏటికి పోయి మొహం కడుక్కుని, ఒడ్డునే చీర చుట్టుకున్నాడు. వేళ్లు కొంకర్లుపోయి గాజులు దారంతో కట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. మంచులో తెల్లబడ్డ గడ్డి మీదుగా నడిచి వచ్చి, వంగి గుడిసెలోకి అడుగుపెట్టాడు.

లోపల చప్పుడు వినిపిస్తోంది. పాలధార గిన్నెలో పడే చప్పుడు.

జైనబ్ సుక్క పక్కన గొంతుకూర్చుని, దాని డొక్కకు నుదురు ఆనించి, కొయ్యగిన్నెలోకి పాలు పిండుతోంది. నల్ల అంగీతో, తన భాషలో ఏదో గొణుక్కుంటూ. సుక్క కళ్లు సగం మూసి నెమరు వేస్తోంది. చేపింది. పూర్తిగా, నురగ పైకి పొంగేంతగా చేపింది. చీరలో నిలబడ్డ మొగులయ్య వైపు ఒకసారి తల తిప్పి చూసింది, చెవి ఆడించింది, మళ్లీ నెమరులో పడింది.

మొగులయ్యకు ముందు కోపం వచ్చింది. ఇంత తొందరగానా అని. తర్వాత లెక్క వేయబోయాడు. తొందరగా అని ఎవరు చెప్పారు? ఇది చంద్రమ్మను ఎప్పుడు మరిచిపోయింది? మొన్నటి ఈతకా, అంతకుముందు ఈతకా? మూడేళ్లలో ఒక్క పొద్దున, ఒక్కటంటే ఒక్క పొద్దున, చీర లేకుండా దాని దగ్గర కూర్చుని చూశాడా? లేదు. చూడాలని కూడా అనిపించలేదు. అందరూ నవ్వుతుంటే బర్రె పేరు చెప్పి రోజూ ఆమె చీర ఒంటికి చుట్టుకున్నది ఎవరు?

జైనబ్ లేచి, మొదటి గిన్నె ఆయన చేతికి ఇచ్చింది.

"బతుకుతుంది," అంది.

మొగులయ్య అలా చీరలోనే నిలబడి ఆ పాలు తాగాడు. ఇన్నేళ్లలో సుక్క పాలు ఆయన కడుపునిండా తాగింది అదే మొదలు, అదే ఆఖరు. వెచ్చగా ఉన్నాయి. కళ్లనీళ్లు గిన్నెలో పడుతుంటే తుడుచుకోలేదు. ఇక ఇక్కడ ఉండటానికి ఆయన దగ్గర సాకు మిగలలేదు. సుక్కను బతికించుకోవాలంటే మాట తప్పాలి, అంతే.

గవ్వల పట్టీ దాని మెడకే ఉంచాడు. "రా తల్లీ, సుక్కా, రా" అని పిలవాలని జైనబ్‌కు నేర్పాడు. ఆమె నోట ఆ మాటలు వంకర్లుపోయాయి, అయినా సుక్క చెవి అటు తిరిగింది. ఆయన దాని నుదుటి మచ్చ మీద చెయ్యి పెట్టి, "చంద్రమ్మకు నేను చెప్పుకుంట లే," అన్నాడు. బయటికి వచ్చి నాలుగడుగులు వేసి వెనక్కి చూశాడు. సుక్క గడ్డి తింటూనే ఉంది.

తిరుగు ప్రయాణంలో ఆయన మూడో తరగతి పెట్టెలో మనుషుల మధ్య కూర్చున్నాడు. పట్టుకోవడానికి చేతిలో పలుపుతాడు లేదు. ఆ నాలుగు రోజులూ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాజీపేట దగ్గర ఎవరో తెలుగులో పల్లీలు అమ్ముతుంటే విని తలుపుదాకా లేచి వెళ్లాడు, ఊరికే వినడానికి.

నాగమణమ్మ గుమ్మంలోనే కనిపించింది.

"మాట తప్పిన పెద్దమ్మా. సుక్కను ఇచ్చి వచ్చిన."

"పానంతోని ఉన్నదా?"

"ఉన్నది."

"మరింకేంది," అని ఆమె ఆయన వీపు నిమిరింది.

నవాబ్ సాహెబ్ మాట నిలబెట్టుకున్నాడు. సంక్రాంతి లోపలే కొత్త బర్రె వచ్చింది. మహా సాధువు. ఎవరు చెయ్యేసినా చేపుతుంది. మొగులయ్య దానికి పేరు పెట్టలేదు. వచ్చిన రోజు సాయంత్రం రామ్‌చందరే పితికి, చెంబు నింపి ఇచ్చి పోయాడు.

మర్నాడు తెల్లవారి రామ్‌చందర్ అలవాటుగా గోడ మీదుగా తొంగి చూశాడు. మొగులయ్య దండెం మీది వంగపండు రంగు చీర తీసి, పంచె మీదనే చుట్టుకుంటున్నాడు. కొంగు తలమీదికి లాక్కున్నాడు. దారం పళ్లతో పట్టుకుని గాజులు కట్టుకుంటున్నాడు. ఈసారి రామ్‌చందర్‌కు నవ్వు రాలేదు, అయోమయం వచ్చింది.

"అన్నా, దీనికి చీర అక్కర లేదు గద. నిన్న నేనే పితికిన."

"ఎరుకే."

"మరింక చీరెందుకు?"

మొగులయ్య ముడి బిగించుకుని, ఇత్తడి చెంబు అందుకున్నాడు.

"చీర బర్రెకెందుకు భాయ్? నాకు," అని కొట్టంలోకి పోయాడు.

రామ్‌చందర్ గోడ దిగాడు. ఆ తర్వాత అతను పేరంటం మాట ఎన్నడూ ఎత్తలేదు.